కాలు విరిగితే కూలి ఎవరిస్తారు?

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో బీమా ఉపసంఘం తరఫున చదివిన ప్రసంగ పాఠం)



పొదుపు, అప్పులు, వసూళ్ల లెక్కలన్నీ ఇప్పటికే విన్నారు. ఆ లెక్కల్లో కనపడని ఒక సంగతి మేము చెప్పదలుచుకున్నాం.

మొన్న మిరప కోతలప్పుడు మన సభ్యురాలు ఒకామె ఆటో దిగుతూ పడి కాలు విరగ్గొట్టుకుంది. పేరు చెప్పొద్దంది, చెప్పం. ఆరోగ్య కార్డు మీద ఆపరేషన్ అయింది, ఆసుపత్రిలో పెద్దగా ఖర్చు కాలేదు. అయినా ఆ కుటుంబం అప్పుల్లో పడింది. మూడు నెలలు ఆమె మంచం మీదే ఉంది. సీజనంతా పోయింది. బ్యాంకు కిస్తీ మాత్రం ఆగలేదు. "నువ్వు కట్టకపోతే సంఘం మొత్తానికి సున్నా వడ్డీ పోతుంది" అని మనమే అన్నాం. ఆమె బయట నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టింది. మన రిజిస్టరులో ఆ నెల వసూలు నూరు శాతం అని రాసుకున్నాం. ఆ నూరు శాతం వెనక ఏముందో మన రిపోర్టులో ఎక్కడా లేదు.

ఆమె మమ్మల్ని అడిగింది ఒక్కటే. "ఏటా ఖాతాలోంచి 436 పోతున్నాయి, 20 పోతున్నాయి గదా, నాకేమీ రాదా?" రాదని చెప్పడానికి మాకు నోరు రాలేదు. ఎందుకు రాదో తెలుసుకుందామనే ఈ ఏడాది తిరిగాం.

436 రూపాయలది జీవన జ్యోతి బీమా. మనిషి చనిపోతే ఇంట్లోవాళ్లకు 2 లక్షలు. 20 రూపాయలది సురక్షా బీమా. ప్రమాదంలో చనిపోయినా, రెండు కళ్లు గానీ రెండు చేతులు గానీ రెండు కాళ్లు గానీ పూర్తిగా పోయినా 2 లక్షలు. ఒక కన్ను, ఒక చెయ్యి లేదా ఒక కాలు పోతే 1 లక్ష. విరిగి అతుక్కునే కాలికి అందులో చోటు లేదు. ఈ రెండూ మంచివే, మానొద్దు. మే నెలాఖరులో ఖాతాలో డబ్బు ఉండేలా చూసుకోండి. కానీ మంచాన పడ్డ రోజుల కూలి వాటిలో రాదని తెలుసుకుని కట్టండి.

ఆ కూలికి బీమా ఏదైనా ఉందా అని పట్నంలో రెండు కంపెనీల ఆఫీసులకు పోయాం. ఉంది. వ్యక్తిగత ప్రమాద బీమాలో వారం వారం డబ్బిచ్చే కవరు ఒకటుంది. మామూలుగా బీమా మొత్తంలో వారానికి 1 శాతం ఇస్తారు. అంటే లక్ష రూపాయల బీమాకు వారానికి వెయ్యి. అయితే అది ప్రమాదానికే, జ్వరానికీ గర్భసంచి ఆపరేషన్‌కూ రాదు. పైగా ఆ వెయ్యి మన సంపాదనను మించకూడదు. "మీ ఆదాయానికి రుజువు ఏముంది? జీతం స్లిప్పు ఉందా? ఐటీ రిటర్ను ఉందా?" అని అడిగారు. మిరపకాయలు కోసిన చేతులు చూపించమంటే చూపిస్తాం గానీ స్లిప్పు ఎక్కణ్ణుంచి తెస్తాం?

కోపం వచ్చిన మాట నిజమే. కానీ కూర్చుని అడిగితే వాళ్ల లెక్క కూడా తెలిసింది. రేటు కట్టే ఆయన్ని అండర్‌రైటర్ అంటారు. మనిషి చనిపోతే సర్టిఫికెట్ ఉంటుంది. నడుము నొప్పితో పనికి పోలేదంటే దేన్ని చూసి నమ్మాలి? పనికి పోతే వచ్చేదాని కంటే పడుకుంటే ఎక్కువొస్తే ఎవరు లేస్తారు? ఇదీ ఆయన అనుమానం. ఆ అనుమానానికి కూడా ఒక రేటుంటుంది. అది మన ప్రీమియంలోనే కలుస్తుంది.

ఇక ప్రీమియం ఎలా కడతారో మన చీటీల లెక్కలాగానే చూద్దాం. వెయ్యి మంది సభ్యులం అనుకుందాం. ఆసుపత్రిలో ఉన్న ప్రతి రోజుకూ 500 ఇచ్చే పాలసీ తీసుకున్నాం. ఏడాదిలో 60 మంది, ఒక్కొక్కరు 5 రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. 60 మందికి 5 రోజుల చొప్పున, రోజుకు 500 వేస్తే లక్షా 50 వేలు. వెయ్యి మందికి పంచితే తలా 150 రూపాయలు. ఇది అసలు ఖర్చు. దీని మీద ఆఫీసు ఖర్చులు, ఏజెంటు కమీషన్, కంపెనీ లాభం, ఒక ఏడాది జబ్బులు ఎక్కువైతే తట్టుకోవడానికి కొంత, పన్ను ఉంటే పన్ను.

ఇప్పుడు అసలు చిక్కు చూడండి. "నాకేం రోగం లేదు, నేనెందుకు కట్టాలి" అని సగం మంది తప్పుకున్నారు. జబ్బు భయం ఉన్నవాళ్లు తప్పుకోరు గదా. ఉన్న 500 మందిలో 50 మంది ఆసుపత్రికి పోయారు. ఖర్చు లక్షా 25 వేలు. తలా 250. 150 ఉన్నది 250 అయింది! మరుసటి ఏడాది ఆ రేటు చూసి ఇంకో వంద మంది పోతారు, రేటు ఇంకా పెరుగుతుంది. చివరికి పాలసీయే పోతుంది. అండర్‌రైటర్ భయమంతా ఇదే. అందుకే ఒంటరిగా పోయినామె నుంచి వయసు, చేసే పని, షుగరు, బీపీ అన్నీ అడుగుతాడు. అందరం కలిసి పోతే అన్ని ప్రశ్నలుండవు.

ఒక హెచ్చరిక. అడిగిన చోట జబ్బు దాచొద్దు. ఏజెంటు "లేదని రాయండమ్మా" అన్నా రాయొద్దు. ప్రీమియం తీసుకునేటప్పుడు ఎవరూ చూడరు, క్లెయిమ్ అప్పుడు పాత చీటీలన్నీ బయటికి తీస్తారు.

కూలి బీమా అసాధ్యం కాదు. ఫ్యాక్టరీలో ఈఎస్ఐ ఉన్న కార్మికురాలు జబ్బుపడితే కూలిలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల వరకు వస్తుంది. అక్కడ షుగరుందా అని అడిగి వేరే రేటు వేయరు. ఎందుకంటే అర్హత ఉన్న అందరూ చేరి తీరాలి, యజమాని కూడా కట్టాలి. 2019 డిసెంబరులో మన రాష్ట్రంలోనే ఆపరేషన్ తర్వాత ఇంట్లో ఉండే రోజులకు రోజుకు 225, నెలకు 5,000 వరకు ఇచ్చే ఆరోగ్య ఆసరా మొదలైంది. డిశ్చార్జి అయ్యేటప్పుడు అలాంటి సాయం ఏముందో వైద్యమిత్రను అడగకుండా రావొద్దు. గుజరాత్‌లో పుట్టిన సేవ సంఘం మహిళలు 2024 ఎండాకాలంలో వేడి ఒక హద్దు దాటితే డబ్బిచ్చే బీమా చేయించుకున్నారు. మూడు రాష్ట్రాల్లో చేరిన 50 వేల మందిలో 46 వేల మందికి పైగా క్లెయిమ్ డబ్బు వచ్చింది. అక్కడ ఎవరూ డాక్టరు చీటీ తేలేదు, థర్మామీటరే రుజువు.

ఇక మన సంగతి. రోజు భత్యం పాలసీకి మేము రేటు అడిగితే ఒక ఆఫీసులో ఇలా అన్నారు: "55 దాటినవాళ్లను తీసేయండి, బాగా తగ్గుతుంది." ఉపసంఘంలో దీని మీద రెండు రాత్రులు వాదించుకున్నాం. తక్కువ రేటయితే ఎక్కువమంది చేరతారని కొందరం అన్నాం. అది తప్పు మాట కాదు. కానీ ఆ 55 దాటినవాళ్లు ఎవరు? రోజుకు రూపాయి దాచి ఈ సంఘాలు పెట్టినవాళ్లు. ఇంట్లో మగవాళ్లు తిడుతున్నా మొదటి మీటింగుకు వచ్చినవాళ్లు. చివరికి ఇంకో దారి కనపడింది. ఆసుపత్రిలో మొదటి రోజు భత్యం మనం వదులుకుంటే పై లెక్కలో 5 రోజులు 4 అవుతాయి, తలా 150 కాస్తా 120 అవుతుంది. ఒక్క రోజు భత్యం మనకు పెద్ద నష్టం కాదు. అమ్మలాంటి వాళ్లను వదులుకోవడం నష్టం.

కంపెనీ ఇవ్వని చోట మనమే బీమా నడుపుదాం అని కొందరన్నారు. చట్ట ప్రకారం బీమా వ్యాపారానికి ఐఆర్‌డీఏఐ రిజిస్ట్రేషన్ ఉండాలి. పైగా ఒక్క డెంగీ సీజను చాలు మన నిధి ఊడ్చుకుపోవడానికి. సాటి సభ్యురాలికి చేయి అందించడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు. కాబట్టి సభ ముందు మూడు తీర్మానాలు పెడుతున్నాం.

ఒకటి, ఆసుపత్రి రోజు భత్యానికి సమాఖ్య మొత్తానికి ఒకే పాలసీ, వయసుతో పనిలేకుండా ఒకే రేటు అడగాలి. సంఘంలో ఉన్నవాళ్లందరూ చేరాలి, సగం సగం వద్దు.

రెండు, మంచాన పడ్డ సభ్యురాలి కిస్తీ మూడు నెలల వరకు గ్రామైక్య సంఘం నిధి నుంచి కట్టాలి. ఆమె లేచాక వడ్డీ లేకుండా మెల్లగా తిరిగి కడుతుంది. ఆసుపత్రి పాలసీ ఇంట్లో పడుకున్న రోజులకు రాదు కాబట్టి ఇది తప్పనిసరి.

మూడు, ప్రతి సంఘం పుస్తకంలో ఒక పేజీ పెట్టాలి. ఎవరు ఏ పనికి పోయారు, ఎంత కూలి, జబ్బుతో ఎన్ని రోజులు పోలేదు. రెండేళ్లు రాస్తే అదే మన జీతం స్లిప్పు. మన జబ్బుల లెక్క మన చేతిలో ఉంటే, కంపెనీ ఊహించి వేసే రేటును మనం కాదనగలం.

కాలు విరిగిన అక్క ఈ రోజు సభలోనే ఉంది. ఆమె అడిగిన ప్రశ్నకు ఇదీ మా జవాబు. ఒప్పుకుంటే చేతులెత్తండి, ఒప్పుకోకపోతే లేచి అడగండి. సెలవు.