ఎలక్ట్రిక్ గిటారుకు తీగలు మార్చడం

(డిసెంబరు 17న జరిగిన పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోను చేసి ఈ సభలో కాసేపు మాట్లాడమన్నారు. విషయం మీ ఇష్టం అన్నారు. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గురించి, పెన్షను దయాధర్మం కాదు, హక్కు అన్న ఆ మాట గురించి నాకంటే బాగా చెప్పగలవారు వేదిక మీదే ఉన్నారు. డి.ఎ. బకాయిల గురించి మాట్లాడేవారికి మన సంఘంలో ఎన్నడూ కొదవ లేదు. అందుచేత నేను ఎలక్ట్రిక్ గిటారుకు తీగలు మార్చడం గురించి మాట్లాడదామని వచ్చాను. నవ్వండి, ఫరవాలేదు. కార్యదర్శి గారు కూడా నవ్వారు.

నేను 34 ఏళ్ళు ఖజానా శాఖలో గుమస్తాగిరీ చేసినవాణ్ణి. నాకు సంగీతం రాదు. మా ఆవిడకు వచ్చు. పెళ్ళికి ముందు 7 ఏళ్ళు వీణ నేర్చుకుంది. రిటైరయ్యాక భీమవరం వదిలి కొండాపూర్‌లో మా అబ్బాయి ఫ్లాటుకు చేరాం. 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజపేయి గారు సైబర్ టవర్స్ ప్రారంభించినప్పుడు ఆ ఫోటో పేపర్లో చూసి, ఎక్కడో బండరాళ్ళ మధ్య గుండ్రటి మేడ కట్టారనుకున్నాం. ఇప్పుడు మా మనవడి తరం ఉదయం, రాత్రి తేడా లేకుండా ఆ చుట్టుపక్కలే ఉంటోంది. 2019లో హైటెక్ సిటీ దాకా మెట్రో వచ్చింది గదా, శుక్రవారం సాయంత్రం అందులో ఎక్కి చూడండి. ల్యాప్‌టాప్ సంచీ ముందుకు తగిలించుకుని, వీపున పొడుగాటి నల్ల సంచీ మోస్తూ నిలబడ్డ కుర్రవాడు ఒకడైనా కనిపిస్తాడు. ఆ నల్ల సంచీలో ఉండేది గిటారు. మా మనవడి వీపున కూడా ఒకటి ఉండేది.

మనవాళ్ళకు ఈ వాద్యం పరాయిది అనిపిస్తుంది. నాకలా అనిపించదు. మా ఊరికి దగ్గర్లోని పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ గారు వాయించింది ఎలక్ట్రిక్ మాండలిన్. మామూలు మాండలిన్‌కు 8 తీగలు, జంటజంటగా ఉంటాయి. జంట తీగలను పక్కకు లాగి గమకం పలికించాలంటే రెండూ సమంగా సాగవు. ఆయన జంటలు తీసేసి, 5 ఒంటి తీగలతో కర్ణాటక సంగీతం వాయించారు. ఒంటి తీగ శబ్దం సన్నం కాబట్టి దాన్ని పెద్దది చెయ్యడానికి విద్యుత్తు సాయం తీసుకున్నారు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో, పదేళ్ళు నిండకముందే ఆయన కచేరీ చేశారు. 1998లో పద్మశ్రీ వచ్చింది. 2014లో 45 ఏళ్ళకే పోయారు. ఆ పనితనం పక్కన పెడితే, ఆయన మాండలిన్‌లో జరిగేదే మా మనవడి గిటారులోనూ జరుగుతుంది.

జరిగేది ఏమిటంటే, తీగల కింద పికప్ అనే చిన్న పెట్టె ఉంటుంది. లోపల అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుక కంటే సన్నని రాగి తీగ వేలకొద్దీ చుట్లు. పైన ఉక్కు తీగ కదిలితే ఆ రాగి చుట్టలో అతి స్వల్పంగా కరెంటు పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే ఇది. మన డ్యాముల దగ్గర జనరేటర్లు తిరిగేదీ ఆ సూత్రం మీదే. 1930 దశకం మొదట్లో అమెరికాలో దీన్ని గిటారుకు పెట్టారు. అందుకే ఈ గిటారుకు ఉక్కు తీగే కావాలి. ఇత్తడి తీగ వేస్తే చేతికి మోగుతుంది గాని పికప్‌కు వినిపించదు. కొట్టువాడు ఏదో ఒకటి అంటగట్టకుండా ఈ సంగతి మీ మనవళ్ళకు చెప్పి పంపండి.

ఇక అసలు సంగతి. రెండేళ్ళ క్రితం మా మనవడి ఉద్యోగం పోయింది. కంపెనీ పేరు ఎందుకు లెండి. ఒకే రోజు ఒకే రకం ఉత్తరం చాలామందికి వచ్చింది. మనకు సస్పెన్షన్ అంటే చార్జిమెమో, సంజాయిషీ, అప్పీలు, ఎన్ని మెట్లుండేవి! వాడికి ఒక్క మెట్టూ లేదు. ఎడ్యుకేషన్ లోను వాయిదాలు ఇంకా కట్టాల్సి ఉంది. నా పెన్షనులోంచి కడతానంటే ఒప్పుకోలేదు. మూడో నెలలో గిటారు అమ్మకానికి పెట్టాడు. నానక్‌రాంగూడలో హాస్టల్లో ఉండే కుర్రవాడొకడు వచ్చి చూసి, "తీగలన్నీ తుప్పు పట్టాయన్నా, శబ్దం చచ్చిపోయింది, సగం ధరకైతే తీసుకుంటా" అన్నాడు. మావాడు సరేనన్నాడు. బేరమాడే ఓపిక కూడా లేదు వాడికి.

నేను మధ్యలో దూరి, ఆదివారం రమ్మని ఆ కుర్రవాణ్ణి పంపించేశాను. "ఒరేయ్ నాన్నా, అమ్మితే అమ్ముదువుగాని. తీగలకు ఏడెనిమిది వందలు పెడితే వస్తువుకు పూర్తి ధర వస్తుంది గదా" అన్నాను. "నీ ఇష్టం తాతయ్యా" అని లోపలికి వెళ్ళి పడుకున్నాడు. తీగలు నేనే తెచ్చాను. మావాడు మంచి రోజుల్లో మార్చుకుంటుండగా పక్కన కూర్చుని చూసినవాణ్ణి. వరుసక్రమం ఒకసారి చూస్తే గుమస్తా కంటికి చాలు.

తీగల పొట్లం మీద అంకెలుంటాయి. 9 నుంచి 42 అని ఉంటే అంగుళంలో వెయ్యో వంతు లెక్కన మందం. అంటే మొదటి తీగ దాదాపు పావు మిల్లీమీటరు, ఆరోది మిల్లీమీటరు పైచిలుకు. పాతవి ఏ మందమో కొత్తవీ ఆ మందమే తేవాలి. మందం మారితే బిగువు మారుతుంది, మెడ వంపు మారుతుంది, అదంతా మళ్ళీ సరిచేయించుకోవాలి. ఈ ఆరు తీగలూ శ్రుతిలో ఉన్నప్పుడు కలిసి దగ్గర దగ్గర 38 కిలోల బరువుతో ఆ సన్నని మెడను లాగుతుంటాయి. ఒకటిన్నర బియ్యం బస్తా అనుకోండి.

అందుకే బిగువులో ఉన్న తీగను కత్తిరించకూడదు. కొరడాలాగా లేచి ముఖానికి కొడుతుంది. మనలో సగం మందిమి శుక్లాల ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళం, కళ్ళద్దాలు తప్పనిసరి. ముందు ఆంప్లిఫయరు ఆపి వైరు ఊడదీయాలి. గిటారును బల్ల మీద దుప్పటి పరిచి పడుకోబెట్టి, మెడ కింద మడిచిన తువ్వాలు పెట్టాలి. తరవాత ఆరో తీగ బిరడ వదులు చేస్తూ పోవాలి. బిరడ అంటే వీణ బిరడ లాంటిదే, కాకపోతే ఇక్కడ లోపల పళ్ళచక్రం ఉండి జారిపోకుండా పట్టుకుంటుంది. తీగ పూర్తిగా వేలాడాక విప్పి తీయాలి.

ఒకటి తీసి దాని స్థానంలో కొత్తది వేసి, శ్రుతికి తెచ్చిన తరవాతే రెండోదాని జోలికి పోవాలి. మా మనవడి గిటారుకు బ్రిడ్జి స్థిరంగా ఉండదు. ముందు వైపు తీగలు లాగుతుంటే వెనక వైపు స్ప్రింగులు లాగుతుంటాయి, ఆ రెంటి మధ్య అది తూగుతుంటుంది. ఆరూ ఒక్కసారి తీసేస్తే స్ప్రింగులు దాన్ని వెనక్కు లాగేస్తాయి. మళ్ళీ శ్రుతి కుదరడానికి పూటంతా పడుతుంది. బ్రిడ్జి స్థిరంగా ఉండే రకానికి ఈ బాధ లేదు, అన్నీ తీసి మెట్లన్నీ పొడిగుడ్డతో తుడుచుకోవచ్చు. నేనైతే ఆ రకానికి కూడా ఒక్కొక్కటే మారుస్తాను. ఒక ఫైలు ముడి వేసిన తరవాతే ఇంకో ఫైలు విప్పడం నాకు అలవాటు.

కొత్త తీగ ఒక చివర ఇత్తడి పూస ఉంటుంది. రెండో చివరను గిటారు వెనకనుంచి దూర్చి, పూస లోపల ఆనేదాకా లాగి, బిరడ కమ్మీకున్న రంధ్రంలోకి ఎక్కించాలి. ఇక్కడే ఉంది నేర్పంతా. బిగుతుగా లాగి చుడితే ఒక్క చుట్టుకే అయిపోయి జారుతుంది. మరీ వదిలితే పది చుట్లు ఒకదానిమీద ఒకటి ఎక్కి, వాయించినప్పుడల్లా సర్దుకుంటూ శ్రుతి దిగిపోతుంది. రెండంగుళాలు వెనక్కు వదిలి చుడితే లావు తీగలకు రెండు మూడు చుట్లు, సన్నవాటికి ఇంకొకటి ఎక్కువ వస్తాయి. ప్రతి చుట్టూ ముందు చుట్టుకు కిందగా పోవాలి. క్యాష్ బుక్కులో ఎంట్రీలు ఒకదాని కింద ఒకటి దిగినట్టు. చుట్టేటప్పుడు రెండో చేత్తో తీగను కాస్త బిగబట్టి ఉంచితే అవే బుద్ధిగా కూర్చుంటాయి.

శ్రుతి చెయ్యడానికి ఇప్పుడు చిన్న క్లిప్పు యంత్రం వచ్చింది. గిటారు తలకు తగిలిస్తే కంపనాన్ని పట్టి ముల్లు చూపిస్తుంది. ఎప్పుడూ కింది నుంచి పైకే తేవాలి. ఎక్కువైతే బాగా దించి మళ్ళీ ఎక్కించాలి, లేకపోతే పళ్ళచక్రంలో వదులు మిగిలి తరవాత దిగిపోతుంది. కొత్త తీగలు మొదట్లో నిలవవు. ఉక్కు సాగిందనుకుంటాం గాని, ఎక్కువ భాగం బిరడ దగ్గర చుట్లు సర్దుకోవడమే. పన్నెండో మెట్టు దగ్గర తీగను మెల్లగా పైకెత్తి వదిలి, మళ్ళీ శ్రుతి చేసి, మూడు నాలుగుసార్లు ఇలా చేస్తే కుదుటపడతాయి.

నేను ముల్లు చూస్తూ మూడో తీగ సరిపోయిందనుకుంటుండగా వంటింట్లోంచి, "ఏమండీ, అది ఇంకా దిగే ఉంది" అన్నది మా ఆవిడ. ముల్లు వంక మళ్ళీ చూస్తే నిజంగానే దిగింది. బొబ్బిలి వైపు గొల్లపల్లిలో పనసకర్రతో చేసిన వీణ మీద సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం శ్రుతి చేసుకున్న చెవి అది. 50 ఏళ్ళుగా వీణ ముట్టుకోలేదు. ఆ చెవి అలాగే ఉందని నాకూ ఆవేళే తెలిసింది. అక్కడి నుంచి యంత్రాన్ని పక్కన పెట్టాం. ఆవిడ "ఇంకాస్త, ఇంకాస్త, చాలు" అనడం, నేను బిరడ తిప్పడం.

చెవుల గురించి ఒక మాట. ముసలితనంలో ముందుగా పోయేది పై స్థాయి శబ్దాలు. గిటారు వట్టి తీగలు సెకనుకు 82 నుంచి 330 కంపనాల లోపే పలుకుతాయి. అవి మనకు బాగానే వినిపిస్తాయి, శ్రుతి చేసుకోగలం. కానీ కొత్త తీగలో ఉండే ఆ మెరుపు, ఆ గలగల, అదంతా పై స్థాయి అనుస్వరాల వల్ల వచ్చేది. చెమటలో ఉప్పు, మట్టి చుట్ల మధ్య చేరితే మొదట చచ్చిపోయేది అదే. కాబట్టి పాత తీగకూ కొత్త తీగకూ ఉన్న భేదం నాకు కొద్దిగానే తెలిసింది.

మా మనవడికి మాత్రం గోడ అవతల నుంచే తెలిసింది. లేచి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. చుట్లు లెక్కపెట్టాడు. ఏమీ అనలేదు. తీసుకుని గదిలోకి వెళ్ళాడు. రాత్రి పదిన్నరకు కింది ఫ్లాటువారు ఫోను చేస్తే మా కోడలు, "ఇవాళొక్కరోజు ఓర్చుకోండి, పిన్నిగారూ" అన్నది. మూడు నెలల్లో ఆ గదిలోంచి వచ్చిన మొదటి చప్పుడు అదే.

ఆదివారం హాస్టలు కుర్రవాడు వచ్చాడు, పూర్తి ధర ఇస్తానన్నాడు. మావాడు అమ్మనన్నాడు. మరో మూడు నెలలకు ఉద్యోగం వచ్చింది, పాతదానికన్నా తక్కువ జీతానికి. తీగలు మార్చడం వల్ల ఉద్యోగం వచ్చిందని నేననను. నాకు అలాంటి నమ్మకాలు లేవు. ఆ మూడు నెలలూ వాడు భోజనానికి టేబుల్ దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. అంతవరకు నేను సాక్ష్యం చెప్పగలను. ఆ హాస్టలు కుర్రవాడు వేరే పాత గిటారు కొనుక్కుని, దాన్ని తెచ్చి నా చేత తీగలు వేయించుకున్నాడు. ఆ తరవాత వాడి స్నేహితులు. ఇప్పుడు నెలకు మూడు నాలుగు వస్తున్నాయి. డబ్బు తీసుకోను, తీగలు వాళ్ళవే. ఒకమ్మాయి మాత్రం వచ్చినప్పుడల్లా మా ఆవిడకు మల్లెపూలు తెస్తుంది.

రోజూ వాయించేవారైతే నెలకో, రెండు నెలలకో మార్చాలి. శని, ఆదివారాలు మాత్రమే వాయిస్తే మూడు నెలలు ఆగవచ్చు. వాయించాక పొడిగుడ్డతో తీగ తుడిస్తే ఇంకొంత కాలం వస్తుంది. మా భీమవరం లాంటి చోట సముద్రపు గాలికి తుప్పు త్వరగా పడుతుంది, హైదరాబాదులో అంత లేదు.

చివరిగా ఒక జాగ్రత్త. శ్రుతి కుదిరాక మిగిలిన కొసలను కటింగ్ ప్లేయర్‌తో తుంచుతాం. మొదటి తీగ కొస సూది కంటే సన్నం. షుగరు ఉన్నవాళ్ళు, రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్ళు చేతికి గుచ్చుకోకుండా చూసుకోవాలి. కొసలను చెత్తబుట్టలో వదులుగా పడేస్తే తెల్లవారి చెత్త ఏరే మనిషి చేతికి దిగుతాయి. నేను ఖాళీ మాత్రల డబ్బాలో వేసి, మూతకు టేపు చుట్టి, పైన "ఇనుప ముక్కలు" అని రాసి ఇస్తాను. పాత తీగలు కూడా చుట్టచుట్టి అందులోనే.

డబ్బా ఒకటి, చేతి వైండరు ఒకటి ఇవాళ తెచ్చాను. భోజనాలయ్యాక వెనక వరుసలో కూర్చుంటాను. ఇంట్లో గోడకు వేలాడుతున్న గిటారు ఉన్నవారు వచ్చి కనుక్కోవచ్చు.