అద్దె కాగితం మీద ఎవరి పేరుంది?



పిల్ల చదువుకని ఇంగ్లండు బయలుదేరుతుంటే మనం చూడని సంగతంటూ వుండదు. పెట్టె బరువు తూస్తాం. ఆవకాయ సీసా మూత బిగిసిందో లేదో రెండుసార్లు చూస్తాం. కుక్కరుతోపాటు దాని రబ్బరు ఇంకోటి కొని పెడతాం. "ఎక్కడుంటావే?" అని అడిగితే, "అక్కడ మనవాళ్లున్నారమ్మా, ఎవరో అన్నయ్య గది చూశాడట" అంటుంది. మనవాళ్లు అన్న మాట చెవిని పడగానే మన మనసు కుదుటపడుతుంది. ఆపైన ఆ సంగతి ఎత్తం. ఇవాళ మీతో ఆ గది సంగతే మాట్లాడదామనుకుంటున్నాను.

నేను చెప్పేది ఇంగ్లండు మాట మాత్రమే సుమండీ. స్కాట్లండులోనూ, వేల్సులోనూ అద్దె చట్టాలు వేరు. అమెరికా అయితే సరేసరి, రాష్ట్రానికో తీరు.

మన వూళ్లో ఇల్లుగలావిడ వచ్చి "వచ్చే నెల ఖాళీ చెయ్యండమ్మా, మా అబ్బాయి వస్తున్నాడు" అంటే మనకీ కాళ్లూ చేతులూ ఆడవు. కానీ పక్క వీధిలో అక్కయ్య వుంటుంది, పుట్టిల్లుంటుంది. సామాను ఎవరింట్లోనో పడేసి నాలుగు రోజులు నెట్టుకొస్తాం. పరాయి దేశంలో పిల్లకి ఆ పక్క వీధి లేదు. అక్కడి పౌరులకి నిలువ నీడ లేకపోతే కౌన్సిలువారు, అంటే అక్కడి మునిసిపాలిటీవారు, కొంత చూసుకుంటారు. స్టూడెంటు వీసా మీద వెళ్లినవారికి ఆ సాయం లేదు. సర్కారు సొమ్ముతో ఇచ్చే సహాయాలు తీసుకోరాదని వీసాలోనే షరతు. అందుచేత ఇల్లు పోయిందంటే అక్కడి పిల్లకంటే మన పిల్లకి కష్టం ఎక్కువ.

అలాగని చట్టం మన పిల్లల్ని గాలికి వదిలెయ్యలేదు. సరైన వీసాతో వున్నవాళ్లు అద్దెకి దిగితే, స్థానికులకున్న రక్షణే వాళ్లకీ వుంటుంది. 1977లో చేసిన చట్టం ఒకటుంది. అద్దెకున్నవారిని కోర్టు వుత్తర్వు లేకుండా బయటికి పంపితే నేరం. తాళం మార్చినా, కరెంటు తీసేసినా, సామాను వీధిలో పెట్టినా, వాళ్లంతట వాళ్లే పోయేలా వేధించినా నేరమే. రెండేళ్ల దాకా జైలు పడవచ్చు. ఖాళీ చేయించాలంటే ముందు రాతమూలకంగా నోటీసివ్వాలి. గడువయ్యాక కోర్టుకి వెళ్లాలి. కోర్టు వుత్తర్వు వచ్చాక కూడా ఇల్లుగలాయన స్వయంగా చెయ్యి వెయ్యకూడదు, కోర్టు అమీనా రావలసిందే.

ఇన్నాళ్లూ ఒక లొసుగు వుండేది. 1988 నాటి చట్టంలో 21వ సెక్షను ప్రకారం, కారణమంటూ చెప్పకుండా రెండు నెలల నోటీసుతో ఖాళీ చెయ్యమనేవారు. 2025 అక్టోబరులో కొత్త చట్టానికి ఆమోదం దొరికింది. 2026 మే 1 నుంచి ఆ 21వ సెక్షను రద్దు. ఇల్లు అమ్ముకోవాలన్నా, తామే వచ్చి వుండాలన్నా నాలుగు నెలల నోటీసు, అదీ అద్దెకి దిగిన మొదటి ఏడాదిలో చెల్లదు. అద్దె ఏడాదికి ఒక్కసారే పెంచాలి. మన పిల్లలకి ఇందులో ఇంకో మేలు వుంది. ఇంగ్లండులో జామీను నిలబడేవారు లేరని మనవాళ్ల దగ్గర ఆరు నెలల అద్దె ఒక్కసారే గుంజేవారు. కొత్త చట్టం కింద ఒక నెల అద్దెకి మించి ముందుగా పుచ్చుకోకూడదు. విద్యార్థుల ఇళ్లకి మాత్రం ఒక మెలిక పెట్టారు. ముగ్గురూ, అంతకు మించీ విద్యార్థులు కలిసి వుండే ఇల్లయితే, చేరేటప్పుడే రాసిచ్చి వుంటే, నాలుగు నెలల నోటీసుతో వేసవిలో ఖాళీ చేయించవచ్చు. కాలేజీ హాస్టళ్ల పద్ధతి వేరు.

ఇంత చట్టం వుండగా మన పిల్లలెందుకు పెట్టెలు పట్టుకుని రోడ్డున నిలబడుతున్నారూ అంటారా? ఆ అన్నయ్య చూసిన గది వుంది చూశారూ, కథంతా అక్కడుంది.

నాకు తెలిసిన ఒకావిడ కూతురు తూర్పు లండనులో అలాంటి గదిలోనే చేరింది. ఇంటిని అద్దెకి తీసుకున్నది మన తెలుగబ్బాయే. తనూ అందులోనే వుంటూ తక్కిన గదులు మరికొందరికి ఇచ్చాడు. అద్దె నెలనెలా చేతికే ఇవ్వాలి. డిపాజిట్టు 500 పౌండ్లు, రసీదు లేదు. నాలుగు నెలలు హాయిగా గడిచాయి, పండక్కి అందరూ కలిసి పులిహోర కూడా చేసుకున్నారట. ఒక బుధవారం ఫోనులో సందేశం వచ్చింది. అసలు ఇంటివారికి తెలిసిపోయింది, ఆదివారానికల్లా అందరూ వెళ్లిపోండి అని. పరీక్షల ముందు ఆ పిల్ల స్నేహితురాలి గదిలో నేలమీద పక్క వేసుకుని పదహారు రోజులు గడిపింది. డిపాజిట్టు ఈనాటికీ రాలేదు. తల్లికి ఈ సంగతి చెప్పింది మూడు నెలల తర్వాత.

ఆ పిల్లకి 1977 చట్టం ఎందుకు అక్కరకి రాలేదు? అద్దె పుచ్చుకునే మనిషి అదే ఇంట్లో కాపురముంటూ, వంటిల్లూ స్నానాలగదీ మనతో పంచుకుంటుంటే, మనం చట్టం దృష్టిలో అద్దెదారులం కాము, లాడ్జరులం. మన భాషలో చెప్పాలంటే, వాళ్లింట్లో ఓ గదిలో వుండనిచ్చినట్టు. లాడ్జరుని పంపడానికి కోర్టు అక్కర్లేదు. సబబైన గడువిస్తే చాలు. వారం వారం అద్దె కడుతుంటే వారమే సబబు అనుకోవచ్చు. లాడ్జరు డిపాజిట్టుని రక్షణ పథకంలో పెట్టవలసిన పనీ లేదు. ఇందులో నమ్మకద్రోహమంటూ ఏమీ లేకపోయినా ఫలితం అంతే. ఆ అబ్బాయి మంచివాడే కావచ్చు. అతని కాళ్ల కిందే నేల లేనప్పుడు అతను ఇంకొకరికి ఏం నీడ ఇస్తాడు?

కనుక పిల్లని అడగవలసిన మొదటి ప్రశ్న అద్దె ఎంత అని కాదమ్మా. అద్దె కాగితం మీద ఎవరి పేరుంది? అద్దె పుచ్చుకునే మనిషి ఆ ఇంట్లోనే వుంటాడా? ఇంకొకరికి గది ఇవ్వడానికి అసలు యజమాని ఒప్పుకున్నాడా? లాడ్జరుగా చేరడం తప్పని నేను అనను. మొదటి రెండు నెలలు, వూరు తెలిసేదాకా, అది సులువైన దారి కూడా. తెలిసి చేరాలి, డిపాజిట్టు తక్కువలో తక్కువ ఇవ్వాలి, ఒక్క పెన్నీ కూడా చేతికివ్వకుండా బ్యాంకు ద్వారానే పంపాలి.

పద్ధతిగా అద్దెకి తీసుకున్నారనుకోండి. డిపాజిట్టు అయిదు వారాల అద్దెకి మించకూడదు, మరీ ఖరీదైన ఇళ్ల మాట వేరు. ఆ డబ్బు ఇల్లుగలాయన జేబులో వుండడానికి వీల్లేదు. 30 రోజుల్లోగా సర్కారు ఒప్పుకున్న మూడు పథకాల్లో ఒకదానిలో పెట్టి, ఆ కాగితం పిల్లకివ్వాలి. పెట్టకపోతే కోర్టుకి వెళ్లి డిపాజిట్టుకి మూడింతల దాకా రాబట్టుకోవచ్చు. చేరిన రోజే గోడలూ, పరుపూ, పొయ్యీ, తివాచీ మీద మరకలూ అన్నిటికీ ఫోటోలు తీసి పెట్టుకోమనండి. అందులో ఒకరిద్దరికి ఇంటికి కూడా పంపమనండి, మనకీ పిల్ల ఎలాంటి గదిలో వుందో తెలుస్తుంది. అయిదుగురూ, అంతకు మించీ చుట్టరికం లేనివాళ్లు కలిసి వుంటే ఆ ఇంటికి కౌన్సిలు లైసెన్సు వుండాలి. అలాంటి ఇంట్లో ఒకరు పడుకునే గది సుమారు 70 చదరపు అడుగులకి తగ్గకూడదు, ఇద్దరికైతే 110. ఒక గదిలో నలుగురిని పడుకోబెట్టే ఇల్లు కౌన్సిలువారి కళ్ల పడితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

నలుగురు స్నేహితురాళ్లు కలిసి ఒకే కాగితం మీద సంతకం పెట్టారంటే మొత్తం అద్దెకి ప్రతి ఒక్కరూ పూచీ. ఒకమ్మాయి వుద్యోగం దొరికి వేరే వూరు వెళ్లిపోయిందనుకోండి, ఆ పిల్ల వంతు మిగతావాళ్ల నెత్తిన పడుతుంది. అంతేకాదు, ఆ వెళ్లే అమ్మాయి ఒక్కతే నోటీసిచ్చినా అందరి అద్దె వొప్పందమూ ముగిసిపోవచ్చు. ముఖమాటానికి సంతకాలు పెట్టే పిల్లలకి ఈ మాట ముందే చెప్పాలి.

ఇల్లుగలాయన వీసా కాగితాలు అడిగితే పిల్లలు బెదిరిపోతారు. అది వేధింపు కాదు. ఇంగ్లండులో 2016 నుంచీ ఎవరికి ఇల్లిచ్చినా వుండే హక్కు వుందో లేదో చూడడం అతని విధి. అక్కడివాళ్లనీ అడగాలి. ఇప్పుడు కార్డులు పోయి అంతా కంప్యూటరులోనే వుంది కనుక, సర్కారు వెబ్‌సైటులోంచి ఒక కోడు తీసి ఇస్తే సరిపోతుంది. పాస్‌పోర్టు మాత్రం వాళ్ల దగ్గర వుంచెయ్యమంటే వుంచకూడదు.

వేధింపు ఎప్పుడంటే, "నోరెత్తితే నీ వీసా రద్దు చేయిస్తా" అన్నప్పుడు. ఇల్లుగలాయనకి వీసా రద్దు చేసే అధికారం ఏమీ లేదు. అద్దె తగాదా వచ్చినంత మాత్రాన ఎవరి వీసా పోదు. ఈ ఒక్క మాట తెలియక ఎంతమంది పిల్లలు రాత్రికి రాత్రి సామాను సర్దుకున్నారో! తాళం మార్చేస్తే వెంటనే కౌన్సిలుకీ, పోలీసులకీ చెప్పాలి. షెల్టర్ అనీ, సిటిజన్స్ అడ్వైజ్ అనీ వుచితంగా సలహా ఇచ్చే సంస్థలున్నాయి. చదివే యూనివర్సిటీలో విద్యార్థి సంఘంవారూ దారి చెబుతారు. వచ్చిన సందేశాలు చెరపకూడదు.

మన వైపు నుంచి జరగకూడనిది ఒకటుంది. ఇక్కడి నుంచి డబ్బు పంపడం ఆలస్యమైతే పిల్ల అద్దె బాకీ పడుతుంది. కొత్త చట్టం కింద మూడు నెలల బాకీ తేలిందంటే నాలుగు వారాల నోటీసుతో కోర్టుకెక్కవచ్చు, అప్పుడు జడ్జీగారికి కూడా దయ చూపే వీలు వుండదు. బాకీకి కోర్టు తీర్పు పడి నెలలోగా కట్టకపోతే ఆ మచ్చ ఆరేళ్లు రికార్డులో వుంటుంది. ఆ తర్వాత ఇల్లివ్వడానికి ఎవరూ ముందుకు రారు. ఈ నెల ఇబ్బందిగా వుందని ఇంటివారికి ముందే రాస్తే చాలామంది రెండు వాయిదాలకి వొప్పుకుంటారు. రాయకుండా వూరుకుంటేనే నోటీసు దాకా పోతుంది.

ఇల్లు ఏజెంటు ద్వారా తీసుకుంటే యజమాని పేరూ అడ్రసూ రాతమూలకంగా అడగవచ్చు, 21 రోజుల్లో చెప్పి తీరాలి. ఆ పేరూ, అద్దె కాగితం నకలూ, డిపాజిట్టు పథకం నంబరూ పిల్ల ఫీజు రసీదులున్న ఫైలులోనే ఇంట్లో ఒక కాపీ వుంచండి.