ఆటలాడు పిల్లల ఆయాసము
(రజతోత్సవ సభలో గావింపబడిన ప్రసంగ పాఠము)



పుష్యమాసపు చలి ఉదయమున పిల్లలు చెడుగుడు ఆడుదురు. ఆట ముగిసిన అయిదు పది నిమిషములకు వారిలో ఒకడు గట్టున కూర్చుండి దగ్గుచుండును; ఎదలో పిల్లికూతలు వినవచ్చును. గంటలోపల అది తనంత తానే తగ్గును. కావుననే ఇంటివారు నీరసమందురు, తోటివారు సోమరియందురు. మరునాటినుండి ఆట మాన్పింతురు. వ్యాధికంటె ఈ మాన్పించుటయే బిడ్డకు పెద్ద నష్టము.

పరుగెత్తునపుడు నోటితో వడివడిగా పీల్చిన పొడిగాలి శ్వాసనాళముల లోపలి తడిని హరించును. అంతట చుట్టునున్న కండరములు బిగిసి దారి ఇరుకగును. దూది ధూళి, వంటచెరకు పొగ ఉబ్బసమున్న బిడ్డకు బాధను హెచ్చించును. పత్తి లేనిదే ఆదోని లేదు. 1938లో మాచాని సోమప్పగారు నెలకొల్పిన చేనేత సహకార సంఘముతో పేరుగన్న ఊరు ఎమ్మిగనూరు. ఇచ్చట ధూళిని పూర్తిగా తప్పించుట ఎవరి తరము?

అయినను ఉపాయము కలదు. వైద్యుడు చెప్పిన మోతాదున, ఆటకు పదిపదునైదు నిమిషములు ముందుగా సాల్బుటమాల్ ఇన్‌హేలరు పీల్చినచో రెండుమూడు గంటలసేపు ఆ బిగువు రాకుండ కాచును. 1969 నాటినుండి వాడుకలోనున్న మందిది. మ్రింగిన మాత్ర ఒడలంతయు తిరిగి రావలయును. పీల్చినది నేరుగా చేరవలసిన చోటికే చేరును గనుక కొద్దిపాటి మోతాదే చాలును. పీల్చుట మరిగిన బిడ్డ ఇక మానలేడనుట వట్టి అపోహ.

చిన్నవారికి స్పేసరు అను గొట్టము తగిలింపవలయును. డబ్బాను కుదిపి, ఒకమారు నొక్కి, మెల్లగా పీల్చి, పది లెక్కించునంతసేపు ఊపిరి బిగబట్టిన పిమ్మటనే రెండవమారు నొక్కవలయును. తొందరపడినచో మందు నాలుకపాలగును.

ప్రతిదినము దీని అవసరము కలుగుచున్నచో ఉబ్బసము అదుపులో లేదన్నమాట. అప్పుడు వైద్యుని సలహాపై పీల్చెడి స్టిరాయిడు మందు క్రమముగా వాడి, వాడినప్పుడెల్ల నోరు పుక్కిలింపవలయును. పండ్రెండేండ్లు దాటినవారు సాల్బుటమాలునొక్కదానినే నమ్ముకొనరాదని 2019 నుండి అంతర్జాతీయ నిపుణులు చెప్పుచున్నారు. మృగశిర కార్తెకు హైదరాబాదు పోయి చేపప్రసాదము మ్రింగించి వచ్చినవారును ఇన్‌హేలరును అటకమీద పడవేయరాదు.

1984 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్సుకు వెడలిన అమెరికా జట్టు 597 మందిలో 67 మందికి ఈ ఆయాసము కలదని తేలినది. వారే 41 పతకములు గెలిచిరి! మన పిల్లవానిని గట్టుమీద కూర్చుండబెట్టుటకు కారణమేమి?

ఇన్‌హేలరు బడి బీరువాలో తాళముపడి యుండక, పిల్లవాని సంచిలోనో ఆటల మాస్టారు చేతనో ఉండవలయును. మందు పీల్చినను తగ్గక, మాట తెగి, పెదవులు నీలమైనచో, ఎడ్లబండియో ఆటోయో, దొరికినదానిలో తక్షణమే ఆసుపత్రికి చేర్పవలయును.