చెరిపినా పోని గీత



ఇవాళ మేము బొగ్గుముక్క గురించి మాట్లాడదలిచాం. దక్షిణాఫ్రికాలో తెల్లదొరల జాత్యహంకార పాలన 1994 దాకా సాగింది. ఆ పాలన నడుస్తుండగానే, 1991లో, విలియం కెంట్రిడ్జ్ అనే యువ చిత్రకారుడు ‘మైన్’ అనే బొమ్మల సినిమా తీశాడు. మైన్ అంటే గని. అందులో గని యజమాని మంచం మీదే కూచుని కాఫీకూజాలోని కడ్డీని కిందికి నొక్కుతాడు. ఆ కడ్డీ పళ్లెం దాటి, మంచం దాటి, భూమిలోకి దిగిపోతది. అడుగున నల్ల కూలీలు రాయి తొలుస్తుంటారు. దొర కాఫీ కింద ఎవరి బతుకు నలుగుతుందో మాట లేకుండానే తెలిసిపోతది.

ఆయన పద్ధతికి కావాల్సింది ఓపిక. కాగితం మీద బొగ్గుతో గీస్తాడు, ఫొటో తీస్తాడు. కొంచెం చెరిపి మళ్లీ గీస్తాడు, మళ్లీ తీస్తాడు. వరసగా చూపితే బొమ్మ కదులుతుంది. చెరిపిన గీత మాత్రం పూర్తిగా పోదు, మసకగా కనిపిస్తనే ఉంటది.

మేం పాఠం చెప్పే బడిలో ఒక వాడపిల్ల గోడమీద బొగ్గుతో హోటల్ బొమ్మ గీసింది. లోపల స్టీలు గ్లాసులు, బయట చూరుకింద మనకు వేరే గ్లాసులు. ఊరిపెద్దలు సున్నం కొట్టించారు. మొదటి వానకే గీతలు పైకి తేలినయ్.

కెంట్రిడ్జ్ తెల్లవాడే. తండ్రి రాజద్రోహం కేసులో మండేలా తరఫున వాదించిన వకీలు. అలాంటివాళ్ల తోడు మనం మరువం. కాని గనిలో దిగినోడు గీసే బొమ్మ వేరు. మన బొమ్మ మన పిల్లలే గీయాలి. పొయ్యిలో బొగ్గుంది, చేతిలో ఫోనుంది. పిల్లల్ని గీయనివ్వండి. సున్నం బకెట్టుకు అడ్డం మేం నిలబడతాం.