నోటీసును పెట్టెలో దాచొద్దు
(వార్షిక మహాసభలో సమాఖ్య సామాజిక ఉపసంఘం తరఫున చదివిన ప్రసంగ పాఠం)



పొదుపు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి లెక్కలు పొద్దున్నే విన్నరు. మేము కోర్టు కాగితం గురించి నాలుగు మాటలు చెప్తాం.

మన సభ్యురాలు ఒకామెకు భర్త చనిపోయిండు. ఉన్న రెండెకరాలు తమదేనని పాలోళ్లు దావా వేసిండ్రు. కోర్టు అమీనా సమన్లు తెస్తే ఆమె సంతకం పెట్టి తీసుకుంది, ట్రంకు పెట్టెలో బట్టల కింద పెట్టింది. "భూమి నాది, దున్నేది నేను, కాగితంతోని ఏమైతది" అనుకుంది. పేషీ నాడు కొడుకు జ్వరంతో దవాఖానలో ఉంటే అక్కడే ఉండిపోయింది. కోర్టు ఆమె లేకుండానే కేసు నడిపి ఎక్స్‌పార్టీ డిక్రీ ఇచ్చింది. ఆ సంగతి ఆమెకు తెలిసింది దుక్కికి పోయిన ట్రాక్టరును అడ్డుకున్న రోజు.

అప్పటికి డిక్రీ అయి ఇరవై రోజులే. ఎక్స్‌పార్టీ డిక్రీని రద్దు చేయమని అడగడానికి గడువు 30 రోజులు. గ్రామ సంఘం వాళ్లు తెల్లారే ఆమెను వెంటబెట్టుకొని జిల్లా కోర్టుకు పోయిండ్రు. దవాఖాన చిట్టీ చూపించినందుకు కోర్టు నమ్మి కేసును మళ్లీ తెరిచింది. ఆ చిట్టీ పారేసి ఉంటే, ఇంకో పది రోజులు ఆగి ఉంటే ఏమయ్యేదో మీరే ఆలోచించండి. కేసు ఇంకా నడుస్తున్నది. భూమి ఇప్పటికైతే ఆమె చేతిలోనే ఉన్నది.

అక్కలారా, దొంగతనం, కొట్లాట అయితే పోలీసు కేసు. భూమి హక్కు, ఇంటి హద్దు, వాటా, అప్పు నోటు, ఇవన్నీ సివిల్ కేసులు. భూమి ఎవరిదో తేల్చే అధికారం పోలీస్ స్టేషన్‌కు లేదు. అక్కడ బెదిరించి సంతకం పెట్టమన్నా పెట్టకండి. సివిల్ కేసులో మన నోటిమాట కంటే కాగితం, తేదీ గట్టిగా మాట్లాడతయ్. పట్టా పాస్‌బుక్, పాత పహాణీల నకళ్లు, శిస్తు రశీదులు, సాదాబైనామా ఉంటే అదీ, చావు సర్టిఫికెటు, అన్నీ ఒక్క సంచిలో ఉండాలి.

గడువులు గుర్తుపెట్టుకోండి. సమన్లు అందినంక మన జవాబు 30 రోజుల్లో దాఖలు చేయాలి. కారణం చూపిస్తే కోర్టు 90 రోజుల దాకా ఒప్పుకోవచ్చు. చేబదులు ఇచ్చి నోటు రాయించుకుంటే మూడేండ్ల లోపు దావా వేయాలి. మన భూమిని ఎవరైనా కబ్జా చేస్తే సొంత హక్కు మీద స్వాధీనం అడగడానికి 12 ఏండ్లు. "పెద్దమనుషులు రేపు మాపు అంటున్నరు" అని కూర్చుంటే గడువు మన కోసం ఆగదు.

ఏ కోర్టుకు పోవాల్నో ముందే అడగాలి. ఉట్నూరు వంటి ఏజెన్సీ ప్రాంతంలో గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోతే 1959 నాటి 1వ నిబంధన, దానికి 1970లో చేసిన సవరణ వర్తిస్తయ్. ఆ కేసును గిరిజన సంక్షేమ స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ చూస్తరు. మిగతా తావుల్లో 2022 జూన్ నుంచి కొత్త జిల్లాలకు కూడా జిల్లా కోర్టులు వచ్చినయ్. జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల వాళ్లు కరీంనగర్ దాకా, నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాద్ వాళ్లు ఆదిలాబాద్ దాకా పోవాల్సిన పని తగ్గింది.

పుట్టింటి వాటా గురించి కూడా చాలామంది అడుగుతున్నరు. హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో బిడ్డకు కొడుకుతో సమానంగా హక్కు ఉందని 2005 సెప్టెంబర్ 9 నుంచి చట్టం చెప్తున్నది. ఆ రోజుకు తండ్రి బతికి లేకున్నా బిడ్డ హక్కు పోదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. అన్నదమ్ములు "ఇక్కడ సంతకం పెట్టు" అంటే ఆ కాగితంలో ఏముందో ముందు చదివించుకోండి. ఇస్తరా, వదులుకుంటరా అన్నది మీ ఇష్టం, కానీ తెలిసి చేయండి.

ఇగ వకీలు సంగతి. పాలకుర్తి ఐలమ్మ దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచి భూమి కోసం కొట్లాడినప్పుడు ఆమె తరఫున కోర్టులో వాదించింది కొండా లక్ష్మణ్ బాపూజీ. ఆయన మన ఆదిలాబాద్ వైపు వాంకిడిలో పుట్టిన మనిషి. అంత ధైర్యం ఉన్న ఐలమ్మకూ కోర్టులో ఒక వకీలు కావాల్సి వచ్చింది. వకీలును పెట్టుకోవడంలో సిగ్గు లేదు, ప్రశ్నలు అడగడంలో భయం వద్దు.

సివిల్ కేసులు చూసే వకీలేనా అని అడగండి. ఫీజు మొత్తం ఎంత, కోర్టు ఫీజు వేరే ఎంత, పేషీకి ఆయన వస్తడా జూనియర్‌ను పంపుతడా, ఇవి ముందే మాట్లాడుకోండి. పైసలిస్తే రశీదు తీసుకోండి. గెలిచినంక భూమిలో వాటా ఇయ్యాలంటే ఒప్పుకోకండి, వకీళ్ల నియమాలే దానికి ఒప్పుకోవు. ఖాళీ కాగితం మీద, నింపని వకాలత్‌నామా మీద సంతకం గానీ వేలిముద్ర గానీ వద్దు. వకీలుకు జిరాక్సులు ఇవ్వండి. అసలు కాగితాలు కోర్టులో వేయాల్సి వస్తే ఏమేం ఇచ్చిండ్రో రాయించుకోండి. కేసు నంబరు, 16 అక్షరాల సీఎన్‌ఆర్ నంబరు అడిగి తీసుకోండి. ఈ-కోర్ట్స్ యాప్‌లో ఆ నంబరు కొడితే వాయిదా ఎప్పుడో మన వీఓఏ ఫోన్‌లోనే కనబడతది. వకీలు మీద నమ్మకం పోతే మార్చుకునే హక్కు కూడా మనకు ఉంది.

పైసలు లేవని ఆగకండి. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఉచిత న్యాయ సహాయం ఉంది, ఆదాయం ఎంతని అడగరు. వకీలునూ, కోర్టు ఖర్చులనూ వాళ్లే చూస్తరు. జిల్లా కోర్టులో న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటది. తెల్లకాగితం మీద దరఖాస్తు రాసిచ్చినా తీసుకుంటరు. 15100కు ఫోన్ చేసినా చెప్తరు. ఇద్దరూ ఒప్పుకుంటే లోక్ అదాలత్‌లో రాజీ చేసుకోవచ్చు, కట్టిన కోర్టు ఫీజు వాపసు వస్తది. కానీ అక్కడి తీర్పు మీద అప్పీలు లేదు. అర్థమైనంకనే సంతకం పెట్టాలి.

ఈ యేడు ప్రతి గ్రామ సంఘం మూడు పనులు చేయాలని కోరుతున్నం. నెల మీటింగులో "ఎవరికైనా నోటీసు వచ్చిందా" అని అడగాలి. సభ్యుల కేసుల వాయిదా తేదీలు ఒక పుస్తకంలో రాయాలి. పేషీకి పోయే ఆమెతో ఒకరు తోడు పోవాలి.

అప్పు కిస్తు తప్పితే మనం ఒకరి ఇంటికి ఒకరం పోతం కదా, పేషీ తప్పకుండా చూడటానికి కూడా అట్లనే పోదాం. నోటీసు వస్తే పెట్టెల పెట్టకుండ్రి, తెచ్చి సంఘంల పెట్టుండ్రి.