బొబ్బిలి పాఠం చెప్పే ముందు

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల బడుల్లో కొత్తగా చేరిన సోషల్ టీచర్లతో నాలుగు మాటలు. చరిత్ర యూనిట్‌కు ప్రణాళిక రాసేటప్పుడు పాఠ్యపుస్తకం ఒక్కటే ముందేసుకుని కూర్చోకండి.

బొబ్బిలి యుద్ధాన్నే తీసుకోండి. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ, అతని వెంట విజయనగరం రాజు పూసపాటి విజయరామరాజు బొబ్బిలి కోట మీద పడ్డారు. ఆ సంగతిని జంగం కథ ఒకలా చెబుతుంది. ఈస్టిండియా కంపెనీ చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ మరోలా రాశాడు. 1964లో వచ్చిన ఎన్టీఆర్ సినిమా ఇంకోలా చూపించింది. మూడింటినీ తరగతిలో పక్కపక్కన పెట్టండి. ఎవరు చెప్పారు, యుద్ధం జరిగిన ఎన్నాళ్లకు చెప్పారు, ఎవరి పక్షాన చెప్పారు? జవాబులు పిల్లలే వెతకాలి. దీనికి ఒక్క పీరియడ్ చాలదు, రెండు కేటాయించండి. వీలైతే బొబ్బిలిలోని యుద్ధ స్మారక స్తంభం దగ్గరకు తీసుకెళ్లి, చూసింది ఒక పేజీలో, విన్నది ఎదురు పేజీలో రాయించండి. ఆధారానికీ కథకీ తేడా అప్పుడే తెలుస్తుంది.

శ్రీకాకుళం వారికి వంశధార ఒడ్డునే శాలిహుండం బౌద్ధ స్తూపాలు, ముఖలింగం గుడి శాసనాలు ఉన్నాయి.

ఈసారి ప్రణాళికలో బోధన సామగ్రి అని రాసే చోట, మీ మండలంలోని చారిత్రక స్థలం ఒక్కటైనా చేర్చండి.