కొన్నవాని సొత్తు – అమ్మినవాని తాళము



మన విశాఖపట్టణపు ఉక్కు కర్మాగారమువారు ఇనుపకడ్డీలు అమ్ముదురు. కొన్నవాడు వానితో మేడయు కట్టవచ్చును, పశువుల కొట్టమును కట్టవచ్చును. మూల్యము ముట్టిన పిమ్మట అమ్మినవాని ఆజ్ఞ చెల్లదు. చేతిఫోను విషయమున మాత్రము ఈ సామాన్యన్యాయము చిక్కువడినది.

ఫోను వేఱు, అందు నిడు సిమ్ము వేఱు. కొన్ని సంస్థలు అన్యసంస్థ సిమ్మును అంగీకరింపకుండునట్లు ఫోనునకు లోపల తాళము వేయుచున్నవి. పరదేశమున కొన్న అట్టి ఫోనుతో నావికుడు మన రేవున దిగినచో, వస్తువు వాని చేతనుండును. తాళపుచెవి సముద్రమున కావల నుండును.

ఇట్టి వివాదము ఉమ్మడి ఆంధ్రప్రదేశమునను 2003లో పుట్టినది. రిలయన్సు ఇన్ఫోకామ్ సంస్థ సుమారు 10,500 రూపాయల వెలగల ఫోనును తొలుత 3,350 రూపాయలు మాత్రమే కట్టించుకొని యిచ్చి, మూడేండ్లు తన చందాదారుగా నుండవలెనని ఒడంబడిక వ్రాయించుకొనెను. ఆ ఫోనుల గుర్తింపుసంఖ్య యంత్రమునందే నిక్షిప్తము. టాటా ఇండికామ్ ఉద్యోగులు దానిని మార్చి చందాదారులను తమవైపు త్రిప్పుకొనిరని అభియోగము. 2005 జూలైలో హైకోర్టు చేతిఫోనును కంప్యూటరే యని నిర్ణయించి, సమాచార సాంకేతిక చట్టము 65వ సెక్షను క్రింది అభియోగమును కొట్టివేయ నిరాకరించెను. మోసము, నమ్మకద్రోహము అనువానిని కొట్టివేసెను. ఆ వ్యాజ్యమున ఫోను కొన్నవాడు వాదియు గాడు, ప్రతివాదియు గాడు. నా ప్రసంగము వాని పక్షము.

న్యాయముగా చూతము. తొలుత 7,150 రూపాయలు తగ్గించి యిచ్చినవాడు అది రాబట్టుకొనువఱకు పూచీ కోరుట తప్పుగాదు. ఆ తాళమును నేను తాకట్టుగా నెంచుచున్నాను. తాకట్టునకు మన పెద్దలు ధర్మము చెప్పియున్నారు. కేతన విజ్ఞానేశ్వరీయముగా తెనిగించిన మితాక్షరకు మూలము యాజ్ఞవల్క్యస్మృతి. ఋణస్థుడు సొమ్ముతో వచ్చి నిలిచినపుడు కుదువసొమ్ము విడువవలెననియు, విడువని ఋణదాత దొంగయే యగుననియు అందు శాసనము. కావున బాకీ యున్నంతవఱకే తాళము ధర్మము. బాకీ తీఱిన మఱునాడు అది అపహరణము.

లోకము నేడీ దారికే వచ్చుచున్నది. ఫోను తాళము తీయించుకొనుటకు అమెరికాలో 2014లో చట్టము వెలసెను. 2021 డిసెంబరు నుండి బ్రిటనులో సంస్థలు తాళముతో ఫోనులు అమ్మరాదు. మన దేశమున 2011 జనవరి 20 నుండి ఫోను సంఖ్యనే వెంటగొని వేఱొక సంస్థకు పోవచ్చును. సంఖ్య రాగా యంత్రము రాకుండుట యేమి న్యాయము? వినియోగదారునకు అన్యాయమగు ఒడంబడిక షరతులను రద్దుచేయు అధికారము 2019 నాటి చట్టము రాష్ట్ర కమిషనులకు ఒసగినది.

తక్కువవెలకు ఫోను వచ్చుచున్నదన్నపుడు మూడు మాటలడుగుడు: తాళము కలదా? బాకీ యెంత? తీఱిననాడు తాళము తీయువా రెవరు? సమాధానము కాగితముపై వ్రాయించుకొనుడు. తాళపుచెవి చేతికి రానిచో అది క్రయము గాదు, అద్దె.